ఎముకల నీడలో వెండి

డార్క్‌రూమ్ తలుపు మూసుకోగానే ముందుగా పలకరించేది వాసన. పుల్లటి వాసన, అందులో అప్పుడే ఆరిన అగ్గిపుల్ల ఘాటు. ఎర్ర బల్బుకు కళ్లు అలవాటు పడ్డాక గోడ వారగా మూడు తొట్లు కనిపించాయి. ఒకదాంట్లో డెవలపర్, ఒకదాంట్లో మంచినీళ్లు, మూడోదాంట్లో హైపో. సికింద్రాబాద్‌లో ఇంకా తడి ఫిల్ము కడుగుతున్న పాతకాలపు ఎక్స్‌రే గది ఇది. ముప్పై ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న టెక్నీషియన్ జేబులోంచి జానెడు రాగి తీగ తీశాడు. గరుకు కాగితంతో దాన్ని రుద్ది, ఒక కొసను హైపోలో ముంచి పట్టుకున్నాడు. "ఒక్క నిమిషం ఆగుండ్రి సార్" అన్నాడు.

ఎర్ర వెలుతురులో రాగికీ వెండికీ తేడా తెలియదు. అందుకని తీగ పట్టుకుని వరండాలోకి నడిచాం. ఎండలో చూస్తే సగం తీగ ఎర్రగా ఉంది, మునిగిన సగం తెల్లటి బూడిద రంగుకు తిరిగింది. బొటనవేలితో రుద్దాడు. మెరిసింది. "గిదే వెండి. తీగకు ఇంత జల్ది పట్టిందంటే తొట్టిల హైపో పని అయిపోయినట్టే. డబ్బాల పొయ్యాలె."

ఆ డబ్బా ఎక్కడికి పోతుందో, అందులోంచి వెండి ఎలా బయటికొస్తుందో చూద్దామని బయల్దేరాను. దారి సికింద్రాబాద్ పాట్ మార్కెట్ కొలిమి దాకా పోయింది. ఆ దారిలో సినిమా చరిత్రలోని ఒక పెద్ద నష్టమూ ఎదురైంది.

అసలు ఆ నీళ్లలోకి వెండి ఎలా వచ్చింది? ఫిల్ము అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పలచటి జెలటిన్ పూత. ఆ పూతలో కంటికి కనిపించనంత చిన్న వెండి లవణపు స్ఫటికాలు కోట్లలో ఉంటాయి. ఎక్స్‌రే కిరణాలు కండలోంచి సులువుగా దూరిపోయి ఆ స్ఫటికాలను తాకుతాయి. తాకిన చోట డెవలపర్ వాటిని నల్లటి లోహపు వెండిగా మార్చేస్తుంది. ఎముక మాత్రం కిరణాలను అడ్డుకుంటుంది. ఎముక వెనకాల ఉన్న స్ఫటికాలకు కిరణం తగలదు గనుక డెవలపర్ వాటి జోలికి పోదు. ఫిల్ము డెవలపర్‌లోంచి బయటికొచ్చేసరికి ఆ చోట్లన్నీ పలచని మజ్జిగ పూసినట్టు తెల్లగా మిగిలిపోతాయి. అలాగే వెలుతురులోకి తెస్తే కాసేపటికి అవీ నల్లబడతాయి. అందుకే హైపో. అందులో ముంచగానే మజ్జిగ పొర కరుగుతుంది. నేను దగ్గరుండి చూశాను. మణికట్టు బొమ్మ ఒకటి, అంచుల నుంచి మొదలై మెల్లగా అద్దంలా తేటపడింది. అలా తేటపడ్డానికి ఎంతసేపు పట్టిందో, మళ్లీ అంతసేపు ఫిల్మును అందులోనే ఉంచాలన్నది డార్క్‌రూమ్ పాత లెక్క. తేటపడే సమయం రెట్టింపయిందంటే హైపో అలిసిపోయినట్టు.

అంటే డాక్టరు లైటు పెట్టె మీద పెట్టి చూపించే ఎక్స్‌రేలో మనకు తెల్లగా కనబడే ఎముక నిజానికి వెండి ఖాళీ చేసి వెళ్లిన చోటు. కండల వంతు వెండి ఫిల్ములో నల్లగా మిగిలింది. ఎముకల వంతు వెండి హైపోలో కలిసింది. ఈ తొట్టిలో ఉన్నదంతా ఎముకల నీడల్లో దాక్కున్న వెండే. విరిగిన చేతులు, బెణికిన మడమలు, దగ్గుతో వచ్చినవాళ్ల పక్కటెముకలు, అన్నీ ఒకే నీటిలో కరిగి ఉన్నాయి. ఇది తెలిశాక ఆ తొట్టి వైపు మామూలుగా చూడలేకపోయాను. 1895 డిసెంబరులో రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన ఎక్స్‌రే ప్రపంచమంతా ఎరిగిందే. అందులో వేళ్ల ఎముకలూ ఉంగరమూ కనిపిస్తాయి. ఆ గాజు పలక మీదా ఎముకల చోట, ఉంగరం చోట ఉండాల్సిన వెండి ఇలాగే కరిగిపోయి ఉంటుంది.

హైపో కథ అంతకంటే చాలా పాతది. 1819లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ ఈ ఉప్పు మీద ప్రయోగాలు చేస్తూ, నీళ్లలో కరగని వెండి లవణాలను ఇది తేలిగ్గా కరిగించేస్తుందని గమనించాడు. అప్పటికి ఫొటోగ్రఫీయే లేదు. ఇరవై ఏళ్లు ఆ సంగతి పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1839లో ఫ్రాన్సులో డాగెర్, ఇంగ్లండులో టాల్బట్ కాంతితో బొమ్మలు దించుతున్నామని ప్రకటించారు. టాల్బట్ అప్పట్లో మామూలు ఉప్పునీళ్లతో బొమ్మను నిలబెట్టే తంటాలు పడుతున్నాడు. అప్పుడు హెర్షెల్ తన పాత ప్రయోగాన్ని గుర్తుచేసుకున్నాడు. బొమ్మ నిలిచింది. నెగటివ్, పాజిటివ్ అన్న మాటలను ఫొటోలకు వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులు ఆ ఉప్పును హైపోసల్ఫైట్ అన్నారు. తర్వాత దాని అసలు స్వభావం తెలిసి థయోసల్ఫేట్ అని దిద్దుకున్నారు. డార్క్‌రూముల్లో మాత్రం ఆ దిద్దుబాటు చెల్లలేదు. ఈరోజుకీ ఏ ఊళ్లోనైనా అది హైపోనే.

ఫొటోను హైపోలోంచి తీశాక బాగా కడగాలి, పారే నీళ్లలో అరగంటయినా. సరిగా కడగని ఫొటోలో మిగిలిన హైపో ఏళ్ల తరబడి లోపలి వెండిని తింటుంది, గంధకం చేరి బొమ్మ పసుపుగా, గోధుమ రంగుగా మారిపోతుంది. గోడ మీది తాతయ్య ఫొటో మొహం పాలిపోయిందంటే చాలాసార్లు కారణం ఆనాడు స్టూడియోలో తొందరే. కాలి పట్టీలను నల్లగా చేసేది కూడా ఇదే, వెండికి గంధకం పట్టడం.

టెక్నీషియన్ డబ్బాలో పోసిన హైపోను నెలకోసారి ఆటోలో ఒకతను వచ్చి పట్టుకుపోతాడు. నేను వెళ్లిన వర్క్‌షాపు అతనిదే. రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు, వరసగా నీలం డబ్బాలు, ప్రతిదాని మీదా సుద్దముక్కతో రాసిన గుర్తులు. వాడిన హైపోలో లీటరుకు మూడు నుంచి ఎనిమిది గ్రాముల దాకా వెండి ఉండటం మామూలు. ఎంత ఫిల్ము కడిగారన్న దాన్ని బట్టి అది మారుతుంది. లీటరుకు అయిదు గ్రాములు అనుకుంటే, ఇరవై లీటర్ల డబ్బాలో పది తులాల వెండి. కిలో వెండి కావాలంటే అలాంటి డబ్బాలు పది. డబ్బా కొనేముందు అతను పసుపు రంగు పరీక్ష కాగితం ముంచి, అది ఎంత నల్లబడిందో రంగుల పట్టీతో పోల్చి చూస్తాడు. కొన్ని డబ్బాల్లోకి డెవలపర్ కూడా ఒలికి ఉంటుంది. వాటిని పక్కన పెట్టేస్తాడు. డెవలపర్ కలిసిన హైపో మిషన్‌లో సతాయిస్తుందట.

మిషన్ చూడటానికి పెద్ద ఆర్భాటంగా ఉండదు. నీళ్ల డ్రమ్ము సైజు తొట్టి, అందులో నెమ్మదిగా తిరిగే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, చుట్టూ నల్లటి గ్రాఫైటు కడ్డీలు, పక్కన గోడకు కరెంటును ఏకముఖంగా మార్చే పెట్టె. స్టీలు గొట్టం ఋణ ధ్రువం. కరెంటు పారుతున్నకొద్దీ హైపోలో కరిగి ఉన్న వెండి వచ్చి దానికి అంటుకుంటుంది. లెక్క కచ్చితమైనది, ఫారడే కాలం నాడే తేలింది. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే నాలుగు గ్రాముల వెండి చేరాలి. అంతకు తగ్గితే కరెంటు వేరే పనులకు ఖర్చవుతోందన్న మాట.

నైపుణ్యమంతా ఆ కరెంటును తగ్గించుకుంటూ రావడంలోనే ఉంది. మొదట్లో వెండి దండిగా ఉంటుంది గనుక కరెంటు ఎక్కువ పెట్టినా తట్టుకుంటుంది. వెండి పలచబడుతున్నకొద్దీ కరెంటు తగ్గించాలి. ఆశపడి అలాగే ఉంచితే కరెంటు హైపోనే విరగ్గొడుతుంది. అందులోని గంధకం బయటికొచ్చి వెండిని నల్లటి బురదగా మారుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైందంటే చేయి దాటిపోయినట్టే. సరిగా నడిచిన మిషన్‌లో వెండి మీగడ రంగులో, కాస్త గరుకుగా పేరుకుంటుంది. అతను గొట్టాన్ని పైకి తీసి కడిగి, చెక్క సుత్తితో చుట్టూ తట్టాడు. పగిలిన గుడ్డు పెంకులా, చేతివేలి మందాన పొలుసులు రాలాయి. ఒకటి అరచేతిలో పెట్టాడు. అంత చిన్న ముక్క అంత బరువుంటుందని అనుకోలేదు. అతని లెక్కలో అది వందకు తొంభై నుంచి తొంభై ఎనిమిది పాళ్ల దాకా వెండే.

అక్కడితో అయిపోలేదు. లీటరుకు అరగ్రాము ప్రాంతానికి దిగాక మిషన్‌తో లాభం లేదు. మిగిలిన నీళ్లను స్టీలు పీచు కుక్కిన బకెట్ల గుండా మెల్లగా పారిస్తాడు, ఇంట్లో గిన్నెలు తోమే పీచులాంటిదే. ఇనుము తాను కరుగుతూ వెండిని వదిలించి కింద పడేస్తుంది. ఒక గ్రాము ఇనుము దాదాపు నాలుగు గ్రాముల వెండికి బదులు పోతుంది. నెలల తరవాత బకెట్ విప్పితే పీచు మాయం, దాని స్థానంలో నల్లటి ముద్ద. బయటికి పోయే నీళ్లు తుప్పు రంగులో ఉంటాయి, వెండి మాత్రం దాదాపు ఉండదు. ఈ రెండో మెట్టు ఎక్కువమంది వదిలేస్తారని అతనే చెప్పాడు. వచ్చే వెండి కొంచెమే, పట్టే ఓపిక ఎక్కువ. అతను చేస్తున్నాడు గనుక ఆ షెడ్డు మీద నాకు గౌరవం కలిగింది. నీళ్లలో విడిగా తిరిగే వెండి అయాన్లు చేపలకూ, నాచుకూ, మురుగును శుద్ధిచేసే సూక్ష్మజీవులకూ విషం. వెండి పాత్రలో నీళ్లు పాడుకావనే మన పెద్దల అనుభవం వెనకున్న శక్తే, చెరువులోకి చేరితే చంపే శక్తి అవుతుంది.

చెడ్డ పద్ధతి కూడా ఒకటుంది, దాన్ని దాచను. బకెట్ హైపోలో సోడియం సల్ఫైడ్ గుమ్మరిస్తే మిషన్ లేకుండానే వెండి నల్లటి బురదగా దిగిపోతుంది. హైపో పుల్లటిది. ఆ పులుపును ముందుగా విరవకుండా సల్ఫైడ్ పోస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. గదిలో అది కొంచెం ఎక్కువైతే ముందు వాసన తెలియడం ఆగిపోతుంది, తర్వాత స్పృహ పోతుంది. పెరళ్లలో, పిల్లలు తిరిగే చోట, ఈ పని చేయకూడదు. పాత ఎక్స్‌రే ఫిల్ములను కుప్పపోసి తగలబెట్టి బూడిదలోంచి వెండి ఏరడమూ అంతే. వచ్చే వెండికంటే ఊపిరితిత్తుల్లోకి పోయే పొగ ఎక్కువ. ఫిల్ముల్లోని వెండి తీయడానికి మంచి దారి వేరే ఉంది. వేడి కాస్టిక్ సోడా నీళ్లలోగానీ, జెలటిన్‌ను జీర్ణించే ఎంజైములోగానీ నానబెడితే పూత ఊడి బురదగా దిగుతుంది, నీలపు ప్లాస్టిక్ శుభ్రంగా మిగిలి మళ్లీ వాడకానికి వెళుతుంది.

పొలుసుల మూట స్కూటర్ డిక్కీలో పెట్టుకుని అతను పాట్ మార్కెట్‌కు బయల్దేరితే నేనూ వెనకెక్కాను. మోండా మార్కెట్ కూరగాయల సందడి, జనరల్ బజారు బట్టల దుకాణాలు, మహంకాళి గుడి, ఆ చుట్టుపక్కలే బంగారం, వెండి వ్యాపారుల వీధులు. నగల షోరూములను దాటి సందుల్లోకి మళ్లితే పదడుగుల గదుల్లో కొలుములు కనిపిస్తాయి. వీటిని నడిపేవాళ్లలో చాలామంది మహారాష్ట్ర నుంచి, ముఖ్యంగా సాంగ్లీ జిల్లా విటా, ఖానాపూర్, ఆట్పాడి ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. మరాఠీలో వీళ్ల వృత్తిని గలాయి అంటారు, కరిగించడం అని. వానలు సరిగా పడని ఆ మెట్ట నేలల నుంచి దేశంలో ఏ ఊరి నగల బజారుకైనా చేరుకుని, బంగారం వెండి కరిగించి శుద్ధి చేసే పనిని తరతరాలుగా పట్టుకున్నారు. తెలుగు ఊళ్లలో కంసాలి కొట్ల ముందు దుమ్ము ఊడ్చి నీళ్లలో గాలించి రవ్వలు ఏరే జలగడుగువాళ్లు ఉండేవారు. గలాయి కొలిమిలోనూ అదే సూత్రం. ఊడ్చిన దుమ్మూ విలువైనదే.

కొలిమి దగ్గర కూర్చున్న పెద్దాయన మాటలో మరాఠీ, దక్కనీ, తెలంగాణ తెలుగు మూడూ కలిసి ఉన్నాయి. "మా తాత వచ్చిండు. నాయిన ఈడనే పుట్టిండు. నేను ఈడనే కరగబెడుతున్న" అన్నాడు, పొలుసును వేళ్ల మధ్య నలిపి చూస్తూ. రంగు చూసి, "కరెంట్ బాగ పెట్టినవు బేటా" అని తెచ్చినతన్ని మెచ్చుకున్నాడు. ఎదురుగా లేని మిషన్‌ను ఎంత నెమ్మదిగా నడిపారో ఆయన వేళ్లకే తెలిసిపోయింది.

మూసలో పొలుసులు వేసి, పైన చారెడు వెలిగారం, కాస్త సోడా చల్లాడు. వెండి కరగడానికి దాదాపు 962 డిగ్రీల వేడి కావాలి. మూస ఎర్రబడింది, నారింజ రంగుకు తిరిగింది. మొదట గంధకం ఘాటు లేచి పోయింది. పొలుసులు కుంగి, ఒకదానిలో ఒకటి కలిసి, మధ్యలో గుండ్రటి మెరుపు ముద్ద ఏర్పడింది. వెలిగారం మురికినంతా లాక్కుని గాజులా పైకి తేలింది. ఇక్కడ ఆయన ఒక బొగ్గు ముక్క తీసి మూసలో పడేశాడు. ఎందుకని అడిగితే, "ఉమ్మకుండ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత వివరం తెలిసి ఆశ్చర్యపోయాను. కరిగిన వెండి గాలిలోని ఆక్సిజన్‌ను తన ఘనపరిమాణానికి ఇరవై రెట్ల దాకా పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని లోపల దాచుకోలేక ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పుడు పైపొర పగిలి వెండి చుక్కలు చిమ్ముతాయి, కడ్డీ మీద పుట్టల్లాంటి బొడిపెలు లేస్తాయి. బొగ్గు ఆ ఆక్సిజన్‌ను ముందే తినేస్తుంది. తాతల నాటి నుంచి చేతికి తెలిసిన సంగతి అది.

నూనె రాసిన ఇనుప అచ్చులోకి మూస వంచాడు. పాలధారలాంటి తెల్లటి మెరుపు, పచ్చటి చిన్న మంట, అంతే. పటకారుతో తీసి నీళ్లలో వేస్తే సుయ్‌మంది. బ్రష్‌తో రుద్ది కాటాలో పెట్టాడు. నాలుగు వందల గ్రాములకు కొంచెం పైన. అంటే ఎనభై లీటర్ల హైపో, వందల ఎక్స్‌రేలు. కొసన చిన్న ముక్క కొట్టి టంచ్, అంటే శుద్ధత, చూడటానికి పక్క దుకాణానికి పంపాడు. ఈ వెండిని మేలిమి శుద్ధికి తేవాలంటే ఇంకో దశ ఉంది. తేజాబ్‌లో, అంటే నత్రికామ్లంలో, కరిగించి ఆ ద్రావకంలో రాగి పలకలు నిలబెడతారు. రాగి కరుగుతుంది, నీళ్లు నెమలి మెడలా నీలమవుతాయి, అడుగున బూడిద రంగు స్పంజిలా స్వచ్ఛమైన వెండి దిగుతుంది. పొద్దున టెక్నీషియన్ జానెడు తీగతో నాకు చూపించిందే, ఇక్కడ గంగాళాల్లో జరుగుతోంది.

ఇంతవరకూ చెప్పింది ఎక్స్‌రే వెండి. రంగుల ఫొటోల సంగతి ఇంకా వింతగా ఉంటుంది. రంగుల ఫిల్ములో కూడా బొమ్మను మొదట పట్టేది వెండే. అయితే డెవలపర్‌లో ఆ వెండి చుట్టూ రంగులు పుట్టాక దాని పని అయిపోతుంది. బ్లీచ్, హైపో జాతి ఫిక్సర్ కలిసి వెలుతురు తగిలిన వెండినీ తగలని వెండినీ మొత్తంగా కడిగేస్తాయి. కాబట్టి 1980లు, 1990ల నాటి మన పెళ్లి ఆల్బముల్లో వెండి అసలు లేదు, రంగులే ఉన్నాయి. ఆ పెళ్లిళ్ల వెండి అంతా కలర్ ల్యాబుల ద్రావకాల్లో పోయింది. అమ్మమ్మ నలుపు తెలుపు ఫొటోలో మాత్రం ఆమె జడ నలుపు, కళ్ల నలుపు ఇప్పటికీ వెండే. 1999లో ప్రపంచమంతా కలిసి ఏడాదికి ఏడు వేల టన్నుల వెండి ఫొటోగ్రఫీకి వాడింది. డిజిటల్ కెమెరా ఇంటింటికీ రాకముందు అదే శిఖరం.

సినిమా ల్యాబుల్లో ఈ లెక్క కిలోమీటర్లలో ఉండేది. రెండున్నర గంటల సినిమా అంటే నాలుగు కిలోమీటర్లకు పైగా ఫిల్ము, ఒక్కో ఊరికి ఒక్కో ప్రింటు. అందుకే పెద్ద ల్యాబులకు ఫిక్సర్‌లోంచి వెండి తిరిగి తీసుకోవడం రోజువారీ పని. నాకు బాగా నచ్చిన సంగతి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో ఉంది. బొమ్మలోని వెండినంతా కడిగేసినా, పక్కన సన్నగా ఉండే సౌండ్ ట్రాక్ చారలో మాత్రం వెండిని పనిగట్టుకుని ఉంచేవారు. ప్రొజెక్టర్‌లో శబ్దాన్ని చదివే ఫొటోసెల్‌కు రంగులు ఆనవు, వెండి గీతలైతే ఆనుతాయి. చిన్నప్పుడు ఫిల్ము ముక్కలు కొనుక్కుని, నీళ్లు నింపిన బల్బు, అద్దం ముక్కతో ఎండను పట్టి గోడ మీద బొమ్మ వేసుకున్న మా తరంవాళ్లకు ఆ అంచున ఉండే వంకర గీతలు గుర్తుంటాయి. అది ఘంటసాల గొంతో, సుశీల గొంతో. బొమ్మ రంగుల్లో ఉంటే పాట వెండిలో ఉండేది. వెండితెర అనే మాట తెరకు పూసిన లోహపు రంగు వల్ల వచ్చింది. అసలు వెండి మాత్రం రీలులోనే తిరిగేది.

ఆ వెండే ఎన్నో సినిమాల ప్రాణం తీసింది. మన దేశంలో వెయ్యికి పైగా నిశ్శబ్ద చిత్రాలు తయారైతే నేటికి మిగిలినవి పిడికెడు. తేమ, మంటలు, నిర్లక్ష్యం, వీటితో పాటు కరువులో నగ అమ్ముకున్నట్టు ఆడటం అయిపోయిన రీళ్లను వెండికోసం అమ్ముకోవడం కూడా కారణం. పుణెలో 1964లో మొదలైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె.నాయర్, తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' (1931) కోసం దాన్ని తీసిన అర్దేషిర్ ఇరానీ ఇంటిదాకా వెళ్లారు. కొన్ని రీళ్లు ఎక్కడో ఉండి ఉండాలన్నారు ఇరానీ. ఆ తర్వాత కుటుంబం నుంచి తెలిసింది, వాటిలోంచి వెండి తీయించేశారని. ఇది నాయర్ స్వయంగా చెప్పిన సంగతి. ఒక దేశపు సినిమా తొలి మాటలు కొద్దిపాటి వెండి కింద జమపడ్డాయి. పాట్ మార్కెట్ కొలిమి ముందు ఎంత ముచ్చటపడి నిలబడ్డానో, ఇది తలచుకుంటే అంత బాధ.

ఇందులో మనవాడి కథ ఒకటుంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి బొంబాయి చేరిన ఎల్.వి.ప్రసాద్ 'ఆలం ఆరా'లో చిన్న వేషం వేశారు. తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లో, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో కూడా నటించారు. మూడు భాషల తొలి టాకీల్లో కనిపించిన ఆ మనిషిని మనం ఈరోజు ఒక్కదాంట్లో కూడా చూడలేం. మూడూ దొరకడం లేదు. అదే ప్రసాద్ 1970ల్లో మద్రాసులో ఫిల్ము ల్యాబు పెట్టారు. ఆయన సంస్థ తర్వాతి కాలంలో పాత నెగటివ్‌లను శుభ్రం చేసి డిజిటల్‌గా నిలబెట్టే పనికి పేరుపడింది.

సికింద్రాబాద్‌లోనే ఇంకో వెండి కథ ఉంది, సుఖాంతమైనది. 1880ల్లో రాజా దీన్‌దయాళ్ ఇక్కడ స్టూడియో తెరిచారు. ఆరో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చి ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. ఆయన తీసిన రాజప్రాసాదాలు, వేటలు, దర్బారులు బరువైన గాజు పలకల మీద వెండిలో ఉన్నాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను వారసుల దగ్గర సేకరించింది. శతాబ్దం పాటు ఆ ఇంటివాళ్లు వాటిని కరిగించుకోలేదు. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగుచేసి ధరను ఔన్సు యాభై డాలర్ల అంచుకు తీసుకెళ్లినప్పుడు కూడా ఆ పలకలు అలాగే ఉన్నాయి.

హైపోలోంచి వెండి తీసే వృత్తి ఇప్పుడు దానంతటదే సన్నబడుతోంది. ఎక్స్‌రేలు కంప్యూటర్ తెర మీదికి మారాయి. ప్రింటు తీసినా డ్రై ఫిల్ము, హైపో తొట్టి అక్కర్లేదు. డ్రై ఫిల్ముల్లో కొన్నిటిలో వెండి ఉన్నా అది ఫిల్ములోనే ఉండిపోతుంది. బాయిలర్లు, పైపులైన్ల వెల్డింగ్ అతుకులను పరీక్షించే చోట మాత్రం తడి ఫిల్ము ఇంకా నడుస్తోంది. షెడ్డులో ఇప్పుడొచ్చే డబ్బాల్లో అక్కడి నుంచి వచ్చేవి ఎక్కువ. వెండి కిలో లక్ష దాటాక పాత ఫిల్ములకు గిరాకీ పెరిగింది, హైపోకు మాత్రం వచ్చే దారే తగ్గింది.

ఇంట్లో పాత ఎక్స్‌రేలు పేరుకుపోతే వాటిని చెత్తలో వేయకండి. డాక్టరుకు మళ్లీ అక్కర్లేదని తెలుసుకున్నాక, పేరున్న మూల కత్తిరించి, తీసిన ఆసుపత్రికో, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కో ఇవ్వొచ్చు. కిలో ఫిల్ముకు వచ్చేది కొన్ని గ్రాముల వెండే గనుక పెద్ద సొమ్ము ఆశించవద్దు. గ్రహణం చూడటానికి వాటిని కంటికి అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం మానాలి, అది కంటికి ప్రమాదం. ఇంకా హైపో వాడే చిన్న ఆసుపత్రులు, కాలేజీ డార్క్‌రూములు, సరదాగా ఫిల్ము కడుక్కునే కుర్రాళ్లు దాన్ని సింకులో పోయకుండా డెవలపర్ కలవని ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా దాచాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఎక్స్‌రే కడిగే ద్రవాన్ని రసాయన వ్యర్థంగా లెక్కవేసి, వెండి లాంటివి తీసుకుని శుద్ధి చేశాకే మురుగులో కలపాలని చెబుతున్నాయి. పాట్ మార్కెట్ చూడాలనుకుంటే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, మోండా మార్కెట్ దారి అడిగితే ఎవరైనా చెబుతారు. కొలిమి గదుల్లోకి వెళ్లేముందు అడిగి వెళ్లండి. ఫొటో తీయనివ్వరు, కాసేపు నిలబడి చూస్తానంటే కాదనరు. పుణె ఆర్కైవ్‌లో పరిశోధకులకు ముందస్తు అనుమతి మీద అవకాశం ఉంటుంది.

సాయంత్రం మళ్లీ ఎక్స్‌రే గదికి వెళ్లాను, రాగి తీగ తిరిగి ఇవ్వడానికి. టెక్నీషియన్ గరాటు పెట్టి తొట్టి ఖాళీ చేస్తున్నాడు. హైపో సన్నటి ధారగా డబ్బాలోకి దిగుతోంది, అడుగు నుంచి జానెడు కూడా రాలేదు. మూత బిగించి సుద్దముక్కతో దాని మీద తేదీ వేశాడు. "మునుపు వారానికొక డబ్బా నిండేది సార్" అన్నాడు. పక్కనున్న పాత డబ్బా మీద దసరా నాటి తేదీ ఉంది. తీగ నేనే ఉంచుకొమ్మన్నాడు. దాని మీద సగం దాకా తెల్లగా ఉంది.